అమ్మ మూడు పొయ్యిలూ, నాలుగోదీ

మా అమ్మకి మూడు పొయ్యిలు ఉండేవి. నాలుగోది వచ్చినప్పుడు మా ఇంట్లో పెద్ద గొడవ అయింది. ఆ గొడవలో తప్పు పూర్తిగా నాదే. అప్పుడు నన్ను తిట్టాల్సిన వాళ్లెవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది, ఈపాటికి మరిచిపోయి ఉండేదాన్ని.

మేం లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి, పెళ్లి చేసుకుని, అమ్మను తీసుకొచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. వాళ్లకి నేనొక్కదాన్నే. రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక చిన్న పెరడు. పెరట్లో రేకు కింద పొట్టు పొయ్యి, వంటింట్లో గట్టు మీద కిరసనాయిలు స్టవ్వు, మూలన బొగ్గుల కుంపటి. ఏ పొయ్యి పని దానిది. అన్నం, పప్పు, ఆదివారం మాంసం, స్నానాలకు నీళ్లు పొట్టు పొయ్యి మీద. పొద్దున్నే కాఫీకి, ఎవరైనా చెప్పకుండా ఊడిపడితే ఉప్మాకి స్టవ్వు. వంకాయ కాల్చడానికి, అప్పడాలకి కుంపటి. శనివారం మధ్యాహ్నం ఇస్త్రీ పెట్టెలోకి నిప్పులు కూడా ఆ కుంపటే ఇచ్చేది. ఆదివారం చర్చికి కట్టుకునే బట్టలన్నీ ఆ నిప్పులతోనే ఇస్త్రీ అవ్వాల్సిందే.

పొట్టు పొయ్యిని ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. అడుగున పక్కగా కంత ఉన్న ఇనప బకెట్టు, అంతే. మధ్యలో ఒక గాజు సీసా నిలబెట్టి, కంతలోంచి ఒక గుండ్రటి కర్ర దూర్చి, రెండూ ఒకదానికొకటి తగిలేలా చూసుకుని, చుట్టూ రంపపు పొట్టు పోసి పిడికిలితో కూరాలి. నిండాక సీసాను మెల్లగా తిప్పుతూ పైకి లాగి, కర్రను బయటికి లాగితే, నడుమ గొట్టంలా ఖాళీ మిగులుతుంది. కింద కంతలో కిరసనాయిలు చుక్క వేసిన గుడ్డపేలిక ముట్టిస్తే మంట ఆ గొట్టంలోంచి పైకి లేస్తుంది. వదులుగా కూరితే పొట్టు కూలిపోతుంది. మరీ బిగిస్తే పొగే తప్ప మంట రాదు. ఒకసారి ముట్టించాక మధ్యలో ఆర్పడం, మళ్లీ నింపడం అంటూ ఉండదు, అది మండినంతసేపూ వండుకోవాల్సిందే. అందుకే మా ఇంట్లో అన్నం తరవాత పప్పు, పప్పు తరవాత కూర, కూర తరవాత నీళ్లు, చివరి సెగ మీద పాలు. ఈ వరస తప్పిన రోజు నాకు గుర్తులేదు.

నాన్న బోయిన్‌పల్లి దగ్గర ఒక కోత మిల్లు నుంచి సైకిలు వెనక గోతం కట్టుకుని పొట్టు తెచ్చేవాడు. దారంతా చెవుల్లో, మీసాల్లో పొట్టు రాలి, ఇంటికి వచ్చేసరికి ఆయనే ఒక పొయ్యిలా ఉండేవాడు. అమ్మ ఆయన్ని గుమ్మంలోనే ఆపి తువ్వాలుతో దులిపేది.

అమ్మ వంటను చెవితో చేసేది. ఇది నేను పెద్దయ్యాక కనిపెట్టిన సంగతి కాదు, అప్పుడే అందరికీ తెలుసు. అన్నం కుండ దగ్గర మూత తీయకుండా తల వంచి వినేది. ఎసరు గలగలమన్నంతసేపూ కదిలేది కాదు, గుసగుసలాడడం మొదలెట్టగానే లేచి దించేది. పొట్టు బాగా అంటుకుంటే ఒకే తీరున ఊపిరి తీసినట్టు ఉంటుందనీ, స్టవ్వు ఒత్తులు ఎక్కువ తక్కువలైతే మంట పటపటలాడుతుందనీ, బొగ్గు తడిదైతే చిట్లుతుందనీ నాకు చెప్పేది. ఇంజన్లు దులిపిన బూడిదలోంచి ఏరిన సగం కాలిన బొగ్గును ఆడవాళ్లు తట్టల్లో పెట్టి అమ్మడానికి తెచ్చేవాళ్లు. అమ్మ రెండు ముక్కలు తీసి ఒకదానికొకటి తట్టి, చప్పుడు విని, ఈ తట్ట వద్దు ఆ తట్ట ఇవ్వమనేది. వాళ్లు నవ్వేవాళ్లు కానీ ఆమె ఏరిన తట్ట ఎప్పుడూ మంచిదే.

వాసన చూడడం మాత్రం నా పని. నాకు మాటలు వచ్చినప్పటి నుంచీ అది నా పనే. పోపు వేస్తుంటే పిలిచేది, ఇట్రా, ఏం వాసన వస్తందో చెప్పు అని. ఆవాలు అనేదాన్ని. "ఇంకా?" అనేది. ఎండుమిరపకాయ. "ఇంకా?" కరివేపాకు. మాడుతుందా, వేగుతుందా? వేగుతోంది. పొద్దుటి పాలు విరిగాయా, నిన్నటి పప్పు పులిసిందా, చేపలు తాజావేనా, అన్నీ నా ముక్కు కిందికి వచ్చేవి. ఆడపిల్లకు వంట నేర్పే పద్ధతి ఇదే కాబోలు అనుకున్నాను. బళ్లో మిగతా పిల్లలతో, మా అమ్మ నాకు వంట నేర్పుతోంది, మీకెవరూ నేర్పట్లేదు అని గొప్పలు కూడా పోయాను. నిజం చెప్పాలంటే ఇప్పటికీ నాకు వంట అంతంత మాత్రమే, ముక్కు మాత్రం పోలీసు కుక్క ముక్కు.

మా చర్చి సంఘమంతా కలిసి భోంచేసే ప్రేమవిందు వస్తే వంట పెద్దరికం అమ్మదే. చర్చి వెనక రాళ్లు పేర్చి, కట్టెలు దూర్చి, ఇద్దరు మోస్తే గానీ లేవని గిన్నెలు ఎక్కించేవాళ్లు. అమ్మ చీర కొంగు బొడ్లో దోపుకుని, చేతిలో తెడ్డులాంటి గరిటెతో నిలబడితే, పాస్టరుగారు కూడా అడిగి గానీ ఆ పక్కకి వచ్చేవారు కాదు. అక్కడ కూడా నన్ను పక్కనే నిలబెట్టుకునేది. కట్టె వెనక్కి లాగమని ఆమె చెప్పే ముందు నా వైపు ఒకసారి చూసేది. నేను తల ఊపేదాన్ని. ఆ గరిటె పట్టుకున్నప్పుడు అమ్మ మొహంలో ఉండే వెలుగు నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

మా పక్క క్వార్టరులో తాతల నాటి నుంచీ ఈ ఊరివాళ్లే అయిన కుటుంబం ఉండేది. ఆయనది కూడా వర్క్‌షాపే. ఆమె, అమ్మ ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవాళ్లు, నేను ఆమెను అత్తమ్మా అనేదాన్ని. మేం కిరసనాయిలు అన్నదాన్ని ఆమె గ్యాస్ నూనె అనేది. బతుకమ్మకి ఆమె ఇంటి సత్తుపిండి, క్రిస్మస్‌కి మా ఇంట్లో నూనెలో వేయించిన గులాబీ పువ్వులు పెరటి గోడ మీదుగా చేతులు మారేవి. ఆమె రోజుకి ఎన్నిసార్లు మా వంటింట్లోకి వచ్చేదో లెక్క ఉండేది కాదు. వచ్చి, గుమ్మం దగ్గర ఒక నిమిషం నిలబడి, ఏదో ఒకటి మాట్లాడి వెళ్లేది.

గ్యాసుకి నాన్న పేరు రాయించి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు. నేను డిగ్రీ అయ్యి, పద్మారావు నగర్‌లో ఒక బళ్లో టీచరుగా చేరిన ఏడాది ఉత్తరం వచ్చింది. నాన్న ఆ రోజు సెలవు పెట్టాడు. వంటింటి గట్టుకి స్వయంగా సున్నం వేశాడు. సిలిండరు దించినప్పుడు వీధిలో సగం మంది మా గుమ్మం దగ్గరే ఉన్నారు.

బిగించడానికి వచ్చిన మనిషి ఓపికగా అన్నీ చూపించాడు. సబ్బు నురగ ట్యూబు మీద రాసి, బుడగ లేస్తే లీకవుతున్నట్టని చెప్పాడు. ఈ గ్యాసుకి సొంత వాసన ఉండదనీ, లీకైతే మనుషులకు తెలియాలనే కంపు కలుపుతారనీ చెప్పాడు. వాసన వస్తే రెగ్యులేటర్ బంద్ చెయ్యాలి, కిటికీలు తెరవాలి, అగ్గిపుల్ల గియ్యొద్దు, స్విచ్చి ముట్టొద్దు. అమ్మ అప్పటిదాకా నవ్వుతూ వింటోంది. వాసన మాట వచ్చాక నవ్వు ఆగింది. ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"జలుబు చేసినోళ్లకి ఎట్టా తెలుస్తదండీ?"

ఆ మనిషి నవ్వాడు. "ఇంట్ల ఇంకోలు ఉంటరు గదమ్మా" అన్నాడు.

ఆ మర్నాడు అమ్మ గ్యాసు పొయ్యి మీద తాను అల్లిన లేసు గుడ్డ కప్పింది. మూలల్లో పూసలు కూడా కుట్టింది. కప్పేసి, పెరట్లోకి వెళ్లి పొట్టు కూరుకుంది. ఒక వారం చూశాం. రెండు వారాలు చూశాం. గ్యాసు మీద వండిన అన్నం ఒంటికి పడదని ఒకరోజు, సిలిండరు అయిపోతే మళ్లీ ఎప్పుడొస్తుందో అని ఒకరోజు, చుట్టాలొచ్చినప్పుడు వాడదామని ఒకరోజు చెప్పింది. చుట్టాలొచ్చారు, వెళ్లారు. లేసు గుడ్డ కదల్లేదు. నాన్న తాను సున్నం వేసిన గట్టు వైపు చూస్తూ కాఫీ తాగేవాడు. ఆయన చిన్నబోయిన మొహం చూస్తే నాకు ఒళ్లు మండేది.

టీచరుగా చేరిన కొత్తలో నాకు లోకమంతా మూడో తరగతిలాగే కనిపించేది. అమ్మకు కూడా పాఠం చెప్పాను. పొగ ఊపిరితిత్తులకి ఎంత చేటో చెప్పాను, నాన్న ఎన్నేళ్లు ఎదురుచూశాడో చెప్పాను, మొండితనం మంచిది కాదని చెప్పాను. అమ్మ వింది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చింది. పొద్దున పూట కాఫీ, టిఫిను గ్యాసు మీద చేస్తుంది. అయితే పక్కింటి వదిన వచ్చాకే వెలిగిస్తుంది. అదేం షరతో నాకు అర్థం కాలేదు. భయం కాబోలు, తోడు కావాలి కాబోలు అనుకున్నాను.

అలా రోజూ ఆరున్నరకి అత్తమ్మ రావడం, గుమ్మంలో నిలబడి ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చి, "ఆఁ, ముట్టియ్యి వదినె" అనడం, అమ్మ ముందు చెవి పొయ్యికి ఆనించి విని, అప్పుడు అగ్గిపుల్ల గియ్యడం జరిగేది. టిఫిను అయ్యాక ఆమె మళ్లీ వచ్చేది. ఆమె వచ్చి చూసి వెళ్లాకే అమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చేది. బడికి టైమవుతుంటే ఈ తతంగం చూసి నాకు చిరాకు. అమ్మ చెవి పెట్టి వినడం చూసి, సిలిండరు నీకేం కబుర్లు చెబుతోందమ్మా అని ఎన్నిసార్లు వెక్కిరించానో. అత్తమ్మ గురించి నా మనసులో ఇంకో ఆలోచన కూడా ఉండేది. చెప్పడానికి సిగ్గుగా ఉంది. వాళ్లకి గ్యాసు రాలేదు కదా, కన్ను కుట్టి చూడటానికి వస్తోందనుకున్నాను.

ఒకరోజు బస్సు తప్పిపోయేలా ఉంది, టిఫిను కాలేదు, అత్తమ్మ ఇంకా రాలేదని అమ్మ పొయ్యి ముందు చేతులు కట్టుకు నిలబడింది. ఆమె వచ్చీ రాగానే నా నోరు ఆగలేదు.

"రోజూ వచ్చి చూడటానికి ఇదేమన్నా సినిమానా అత్తమ్మా? అంత ముచ్చటగా ఉంటే మీరూ పేరు రాయించుకోండి."

అత్తమ్మ నన్ను చూసింది, అమ్మను చూసింది. ఏదో చెప్పబోయి ఆగింది. అమ్మ కనిపించీ కనిపించకుండా తల అడ్డంగా ఊపడం నేను చూశాను, అది నన్ను ఆపడానికి అనుకున్నాను. అత్తమ్మ వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. "పుల్ల విరిచినట్టు అనేశావే," అంది అమ్మ.  నోరు మంచిదైతే ఊరు మంచిదని మా బడి పిల్లల చేత పలకల మీద రాయించే మనిషిని నేను.

అత్తమ్మ మర్నాటి నుంచీ రాలేదు. అమ్మ లేసు గుడ్డ మళ్లీ కప్పేసి, పొట్టు పొయ్యికి పోయింది. నాకు పంతం పెరిగింది. ఆ రోజుల్లో మిగతా పొయ్యిలు కూడా ఒక్కొక్కటే కళ తప్పుతున్నాయి. గ్యాసు వచ్చిందని రేషను కార్డు మీద ముద్ర పడి కిరసనాయిలు తగ్గిపోయింది. డీజిలు ఇంజన్లు వచ్చాక బొగ్గు తట్టల ఆడవాళ్లు రావడం మానేశారు. ఇస్త్రీ పెట్టెలోకి కూడా కొబ్బరి చిప్పలు కాల్చి వేసుకోవాల్సి వచ్చింది. మిగిలింది పొట్టు పొయ్యి ఒక్కటే. అది లేకపోతే అమ్మ దారికి వస్తుందని నాకు తోచింది. అమ్మ చర్చిలో మహిళల కూడికకి వెళ్లిన ఒక మధ్యాహ్నం, పాత ఇనప సామాన్లవాడు వీధిలోకి వస్తే, ఆ బకెట్టు ఇచ్చేసి ఒక ప్లాస్టిక్ తొట్టి పుచ్చుకున్నాను. నేను పుట్టక ముందు నుంచీ ఉన్న పొయ్యి అది.

అమ్మ వచ్చి రేకు కింద ఖాళీ జాగా చూసింది. బకెట్టు ఉన్న చోట నల్లగా గుండ్రటి మచ్చ ఉంది. దాని పక్కన కాసేపు గొంతుకూర్చుంది. తిడుతుందనుకున్నాను. లేచి లోపలికి వెళ్లి, లేసు గుడ్డ తీసి మడతపెట్టి బీరువాలో పెట్టింది. ఆ పూట నుంచీ గ్యాసు మీదే వండింది. నేను గెలిచానని నాన్నకు కళ్లతో సైగ చేశాను.

నెల తిరక్కుండానే ఎండలు ముదిరాయి. ఒక శనివారం బడి ఒంటిపూట. ఒంటిగంటకి ఇంటికి వచ్చాను. వడగాలికి కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ముందు గదిలో పాత టేబులు ఫ్యాను గరగరా మోగుతోంది. తలుపు తోయగానే వాసన నా మొహాన కొట్టింది. కుళ్లిన కోడిగుడ్డు కంపు. వంటింట్లోకి చూస్తే, అమ్మ నేల మీద కూర్చుని ఉంది. ముందు ఇస్త్రీ పెట్టె, అందులో పేర్చిన కొబ్బరి చిప్ప ముక్కలు, పక్కన నా తెల్ల చీర. అమ్మ ఎడమ చేతిలో అగ్గిపెట్టె, కుడి చేతిలో పుల్ల.

నేను ఏం చేశానో నాకు వరసగా గుర్తులేదు. అగ్గిపెట్టె లాగేసుకున్నాను. అమ్మ చెయ్యి పట్టి పెరట్లోకి ఈడ్చాను. మళ్లీ లోపలికి పరిగెత్తి రెగ్యులేటరు కట్టేసి కిటికీలు తెరిచాను. తరవాత తెలిసింది, సిమ్‌లో పెట్టిన పాలు పొంగి మంట ఆరిపోయింది. అమ్మ గిన్నె దించి, మంట కనబడలేదు కనక పొయ్యి కట్టేశాననుకుంది. మామూలుగా అయితే ఆ సన్నటి బుస ఆమె చెవికి అందేదే, ఆ రోజు ఫ్యాను మోతలో కలిసిపోయింది.

పెరట్లోకి వచ్చి కేకలు వేశాను. ఇల్లంతా కంపు కొడుతుంటే అగ్గిపుల్ల గీస్తావా, నీకు ముక్కు లేదా అని అరిచాను. అమ్మ రేకు కింద, ఆ నల్లటి మచ్చ పక్కనే కూర్చుని ఉంది. నా వైపు చూడకుండా చెప్పింది.

"నాకు వాసనలు తెలవవే. నువ్వు కడుపులో ఉన్నప్పటినించీ."

ఎనిమిదో నెలలో విషజ్వరం వచ్చిందట. జ్వరం తగ్గాక నోటికి రుచి కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది, ముక్కుకి వాసన మాత్రం రాలేదు. మొదట్లో రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అనుకుంది. తరవాత రాదని తెలిసింది. ఎవరికీ చెప్పలేదు, నాన్నకి కూడా. ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను. అప్పుడు వాళ్ల పెద్దమ్మ సంగతి చెప్పింది. ఆమె ఊళ్లో పెళ్లిళ్లకి వండిన మనిషట. చూపు మందగించాక కోడళ్లు ఆమె చేతిలోంచి గరిటె తీసుకుని చేట ఇచ్చారు, వసారాలో కూర్చుని బియ్యంలో రాళ్లేరమని. బతికినంత కాలం ఆమె వంటింటి వైపు తల తిప్పి కూర్చునేదట.

"నా చేతికి కూడా చేట ఇస్తారనుకున్నా," అంది అమ్మ. "గరిటె తీసుకోబాకండే."

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఆమె మీద కాదు. ఏం వాసన, ఇంకా, ఇంకా అని నన్ను అడిగిన రోజులన్నీ గుర్తొచ్చాయి. నేను నేర్చుకుంటున్నానని మురిసిపోయాను. అమ్మ నా ముక్కుతో ఇల్లు నడుపుకొచ్చింది. నేను బడికి, కాలేజీకి, ఉద్యోగానికి పోయిన వేళల్లో ఎవరి ముక్కుతో నడిపిందో అప్పుడు తట్టింది. లేచి గోడ చుట్టూ తిరిగి పక్క క్వార్టరుకి వెళ్లాను.

అత్తమ్మ చింతపండు గింజ తీస్తోంది. నన్ను చూసి పీట జరిపింది. జరిగింది చెప్పాను. ఆ రోజు నోరు జారినందుకు క్షమించమన్నాను. ఆమె చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది.

"నువ్వు సంటిపిల్లవు గప్పుడు. మీ అమ్మ గ్యాస్ నూనె వడ్డ బియ్యం ఎసట్ల పోస్తుంటే నేనే చెయ్యి వట్టుకున్న. గప్పుడే సమజైంది నాకు. ఎవ్వలకు చెప్పొద్దని ఒట్టు వెట్టించుకున్నది," అంది. "నువ్వన్నదానికి కోపం రాలే బిడ్డా. నేను రాకుంటే ఆమె గ్యాస్ ముట్టదు, పొట్టు పొయ్యి ఉన్నది గద అని ధీమాగ ఉన్న. నువ్వు దాన్నే ఇచ్చేస్తవని నాకేమెర్క?"

  నాన్నకి తెలిస్తే అమ్మను వంట మాన్పిస్తాడేమో అన్నాను. అత్తమ్మ లేచి కొంగు సర్దుకుంది. "ముక్కు ఎవల్దైతే ఏంది? గరిటె ఆమెదే," అని, నాకంటే ముందు మా ఇంటి వైపు నడిచింది. అమ్మ ఆమెను చూడగానే ఏమీ జరగనట్టు, చాయ్ పెట్టనా వదినా అని అడిగింది. అత్తమ్మ గుమ్మంలో నిలబడి గట్టిగా ఊపిరి పీల్చింది. ఇంకో పావుగంట ఆగుదామంది.

సాయంత్రం నాన్నకి నేనే చెప్పాను.  అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా, ఆహా ఏం వాసన అని మెచ్చుకోవడం ఆయన అలవాటు. ఇరవై ఏళ్లు అలా మెచ్చుకున్నాడు, ఇరవై ఏళ్లు అమ్మ నవ్వింది. అది తలుచుకుని కాబోలు, ఆ పూట తల వంచుకుని తిన్నాడు. కూర బాగుందని మాత్రం అన్నాడు. మర్నాడు చర్చి నుంచి రాగానే పనిముట్ల సంచీ దించాడు. ఈ గ్యాసు బరువైనది, కింద పేరుకుంటుందని ఆయనకు తెలుసు. వంటింటి తలుపు అడుగున జానెడు కోసేసి ఇనప జల్లెడ బిగించాడు. గోడకి నేలమట్టంలో ఒక కన్నం పెట్టాడు. ఆ కన్నంలోంచి ఎలకలు వస్తాయని అమ్మ సణిగింది. నాన్న దానికీ జల్లెడ కొట్టాడు.

నేను సబ్బు నురగ సంగతి పట్టుకున్నాను. ముక్కు చేసే పని కన్ను చెయ్యొచ్చు కదా. రోజూ పొద్దున్నే అమ్మ ఒక గిన్నెలో నురగ కలిపి ట్యూబుకి, రెగ్యులేటరుకి రాసి, బుడగ కోసం చూసేది. గ్యాసు వెలుగుతున్నంతసేపూ ఫ్యాను ఆపేయడం మా ఇంటి చట్టమైంది. ఎండాకాలం చెమటలు కక్కుతూ టిఫిన్లు తిన్నాం. ఆరున్నరకి అత్తమ్మ రావడం మళ్లీ షురూ అయింది. వాళ్లకి కూడా గ్యాసు వచ్చాక, ముందు మా ఇంట్లో ఊపిరి పీల్చి, తరవాత పోయి తన పొయ్యి వెలిగించుకునేది. ప్రేమవిందు గరిటె అమ్మ చేతిలోనే ఉంది. సంఘంలో ఎవరికీ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ కనబడలేదు. నేను పక్కన నిలబడి తల ఊపుతూనే ఉన్నాను, ఈసారి ఎందుకు ఊపుతున్నానో తెలిసి.

బకెట్టు కోసం పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగాను. దొరకలేదు. ఇంకోటి కొంటానంటే అమ్మ వద్దంది.

నాకు పెళ్లై, పురిటికి ఆ క్వార్టరుకే వచ్చాను. అప్పటికి కుంపటి ఒక్కటే మిగిలింది, అదీ అటక మీద. పాప కోసం అమ్మ దాన్ని దించింది. కొబ్బరి చిప్పలు రాజేసి, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, నీళ్లు పోసిన పిల్లను బుట్ట మీద పడుకోబెట్టి జుట్టు ఆరబెట్టింది. పదకొండో రోజు అనుకుంటాను. పాపను చేతుల్లోకి తీసుకుని నా దగ్గరికి వచ్చి, తల నా మొహం ముందు పెట్టింది.

"ఏం వాసన వస్తందో చెప్పు."

పాల వాసన అన్నాను. "ఇంకా?" అంది. సాంబ్రాణి అన్నాను. "అది నేనేసిందేలే. ఇంకా?" అంది. నేను మళ్లీ వంగి, ఈసారి కళ్లు మూసుకుని, తొందరపడకుండా వాసన చూశాను. కొత్త బియ్యం కడిగిన నీళ్లలా ఉందమ్మా అన్నాను, ఎండలో ఆరిన పాత చీరలా కూడా ఉంది అన్నాను. అమ్మ తల పక్కకి వంచి, అన్నం కుండ దగ్గర విన్నట్టే విన్నది.

"నీది కూడా ఇట్టాగే ఉండి ఉంటదిలే," అంది. పాపను నా ఒళ్లో పెట్టి, ఏ వాసనా తెలియదని తెలిసి కూడా, నా తల మీదికి వంగి గట్టిగా ఊపిరి పీల్చింది.